చిల్లు పూడ్చని గిటార్: ‘ట్రిగర్’ మరమ్మతులు ఏం చెబుతున్నాయి?

అమెరికా కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1969 నుంచి ప్రధానంగా ఒకే గిటార్ వాయిస్తున్నారు. దాని పేరు ‘ట్రిగర్’. గిటార్ మధ్యలో ఉండే గుండ్రటి సౌండ్‌హోల్ కాకుండా, దాని కిందే ఇంకో పెద్ద చిల్లు ఉంటుంది. అది తయారీలో పెట్టింది కాదు. ఏళ్ల తరబడి వాయించడం వల్ల చెక్క అరిగి పడింది. పై పలక నిండా గీతలు, సగం చెరిగిపోయిన సంతకాలు, చేయి ఆనే చోటల్లా పాలిష్ పోయి బయటపడ్డ చెక్క. తెలియనివారి చేతికిస్తే మూలన పెట్టాల్సిన వస్తువే అనుకుంటారు.

అయినా నెల్సన్ 90 ఏళ్లు దాటాక కూడా అదే గిటార్‌తో వేదిక ఎక్కారు. ఇన్నేళ్లు అది పనిచేయడానికి కారణం మరమ్మతులు. కానీ ఆ మరమ్మతుల్లో అందరికీ కనిపించే పెద్ద దెబ్బను మాత్రం ఎన్నడూ బాగుచేయలేదు. పాత వాద్యాన్ని ఎంతవరకు బాగుచేయాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు ట్రిగర్ ఒక మంచి ఉదాహరణ. పాత గిటార్ ఉన్న ప్రతి ఒక్కరికీ, వాటిని బాగుచేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న అది.

చూడకుండా కొన్న గిటార్

1969లో టెక్సస్‌లోని హెలోటెస్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో, మద్యం మత్తులో ఉన్న వ్యక్తి కాలి కింద పడి నెల్సన్ బాల్డ్‌విన్ గిటార్ విరిగిపోయింది. దాన్ని నాష్‌విల్‌లో వాద్యాలు బాగుచేసే షాట్ జాక్సన్‌కు పంపారు. అది ఇక బాగుపడదని ఆయన తేల్చేశారు. దానికి బదులు తన దగ్గరున్న మార్టిన్ ఎన్-20 గిటార్ ఇస్తానన్నారు. నెల్సన్ దాన్ని చూడకుండానే 750 డాలర్లకు కొన్నారు.

అయితే పాత గిటార్ పూర్తిగా పోలేదు. అందులోని ‘ప్రిస్మటోన్’ పికప్‌ను జాక్సన్ తీసి కొత్త గిటార్‌లో అమర్చారు. పికప్ అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం. అంటే ట్రిగర్ జీవితం మొదలైందే ఒక మరమ్మతుతో. ఈరోజు వినేవారు ‘విల్లీ గిటార్ నాదం’ అని గుర్తుపట్టేది మార్టిన్ చెక్కా, బాల్డ్‌విన్ పికప్ కలిసి పుట్టించిన ధ్వని.

సినిమా నటుడు రాయ్ రోజర్స్ గుర్రం పేరు ట్రిగర్. నెల్సన్ తన గిటార్‌కు ఆ పేరే పెట్టుకున్నారు. 1970లో టెన్నెసీలోని ఆయన ఇల్లు కాలిపోతున్నప్పుడు ఆయన లోపలికి వెళ్లి బయటకు తెచ్చుకున్న కొద్ది వస్తువుల్లో ఈ గిటార్ ఒకటి. 1990లో అమెరికా ఆదాయపన్ను విభాగం బకాయిల కింద ఆయన ఆస్తులను జప్తు చేసినప్పుడు, గిటార్ కూడా వేలానికి వెళుతుందన్న భయంతో కుమార్తె దాన్ని ముందే హవాయికి చేర్చారు. ఇల్లు, స్టూడియో పోయినా ఫర్వాలేదు, ఈ వాద్యం పోకూడదన్నది ఆయన లెక్క.

చిల్లు ఎందుకు పడింది?

ఎన్-20 నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. ఇలాంటి గిటార్లను వేళ్లతో, గోళ్లతో మీటుతారు. అందుకే స్టీలు తీగల గిటార్లకు సౌండ్‌హోల్ పక్కన అతికించే ప్లాస్టిక్ రక్షణ పలక వీటికి ఉండదు. నెల్సన్ మాత్రం దీన్ని పిక్‌తో, గట్టిగా వాయిస్తారు. పిక్ అంచు, దానితోపాటు కదిలే వేళ్లు పై పలకను కొద్దికొద్దిగా గీరుతూ పోయాయి.

ఆ పై పలక సిట్కా స్ప్రూస్ అనే మెత్తటి, తేలికైన చెక్కతో చేసింది. సాధారణంగా గిటార్ పై పలక మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. గిటార్ నాదంలో ఎక్కువ భాగం పుట్టేది ఈ పలుచని పలక కంపనం నుంచే. మందంగా చేస్తే మోగదు, పలుచగా చేస్తే నిలవదు. చిల్లు పడినది సరిగ్గా ఈ పలకలోనే.

సంతకాల వెనుక కూడా కథ ఉంది. సంగీతకారుడు లియాన్ రసెల్ తన గిటార్ మీద నెల్సన్‌ను సంతకం చేయమని అడిగారు. తర్వాత నెల్సన్ ట్రిగర్ మీద రసెల్ సంతకం తీసుకున్నారు. అప్పటి నుంచి జానీ క్యాష్, వేలాన్ జెన్నింగ్స్, క్రిస్ క్రిస్టోఫర్సన్ వంటి సహచరులు ఎందరో దాని మీద సంతకం చేశారు. వాటిలో కొన్ని చేతి రాపిడికి ఇప్పటికే చెరిగిపోయాయి.

లోపల జరిగే పోరాటం

గిటార్ చూడటానికి కదలని వస్తువే అయినా లోపల ఎప్పుడూ ఒక లాగుడు నడుస్తూనే ఉంటుంది. శ్రుతి చేసిన నైలాన్ తీగలు ఆరూ కలిసి దాదాపు 40 కిలోల బలంతో బ్రిడ్జ్‌ను లాగుతాయి. స్టీలు తీగలైతే ఇది 70 కిలోలు దాటుతుంది. రాత్రీ పగలూ, వాయించినా వాయించకపోయినా ఈ లాగుడు ఆగదు.

దీన్ని తట్టుకోవడానికి పై పలక అడుగున సన్నని చెక్క బద్దలు అతికిస్తారు. క్లాసికల్ గిటార్లలో ఇవి విసనకర్ర పుల్లల్లా పరుచుకుని ఉంటాయి. స్టీలు తీగల గిటార్లలో రెండు ప్రధాన బద్దలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటతాయి. ఈ అమరికల తేడా వల్లే క్లాసికల్ గిటార్‌కు ఎన్నడూ స్టీలు తీగలు కట్టకూడదు. కడితే బ్రిడ్జ్ ఊడిపోవచ్చు, పై పలక ఉబ్బిపోవచ్చు.

ట్రిగర్ విషయంలో ఈ పోరాటం ఇంకా కష్టమైనది. పలకలో ఒక భాగమే లేనప్పుడు, మిగిలిన చెక్క, దాని అడుగున ఉన్న బద్దలు ఆ భారాన్ని పంచుకోవాలి. అందుకే బయటకు కనిపించే చిల్లు కంటే, లోపల కనిపించని బద్దల పరిస్థితే మరమ్మతు చేసేవారికి ముఖ్యం.

చేసినవీ, చేయనివీ

1977 నుంచి ఈ గిటార్ బాగోగులు చూస్తున్నది టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో గిటార్లు తయారుచేసే మార్క్ ఎర్లవైన్. ట్రిగర్ క్రమం తప్పకుండా ఆయన బల్ల మీదకు వస్తుంది. ఆయన ప్రధానంగా చేసింది లోపలి పని. బద్దలకు బలం చేకూర్చడం, చెక్క పగుళ్లు పెద్దవి కాకుండా అతికించడం. ఇంకోటి పైన ల్యాకర్ పూతలు వేయడం. ఆ పారదర్శక పూత బయటపడిన చెక్కను చెమట నుంచి, తేమ నుంచి కాపాడుతుంది. మిగిలిన సంతకాలనూ నిలుపుతుంది.

చిల్లును మాత్రం ముట్టుకోలేదు. కొత్త స్ప్రూస్ ముక్క కోసి అక్కడ అతికించడం అసాధ్యమైన పనేమీ కాదు. కానీ చిల్లు పూడ్చవద్దన్నది నెల్సన్ నిర్ణయం. దీని వెనుక ఇష్టంతోపాటు భౌతికశాస్త్రం కూడా ఉంది. అతుకు వేస్తే పలక బరువు, బిగువు మారతాయి. రంధ్రాల మొత్తం వైశాల్యం మారితే పెట్టెలోని గాలి కంపించే స్థాయి కూడా మారుతుంది. ఏళ్లుగా చెవికి, చేతికి అలవాటైన స్పందన మారిపోయే ప్రమాదం ఉంది.

అలాగని అరిగినదంతా అలాగే వదిలేయలేదు. వాద్యం విరిగిపోవడానికి దారితీసే దెబ్బలను సరిచేశారు. వాద్యం వాడుక వల్ల ఏర్పడి, దాని బలాన్ని కూల్చని గుర్తులను వదిలేశారు. ఈ రెంటినీ వేరు చేయడమే మరమ్మతులో అన్నిటికన్నా కష్టమైన పని.

పాత గిటార్లకు వచ్చే జబ్బులు

ట్రిగర్ అరుదైన కేసు. కానీ 30, 40 ఏళ్లు దాటిన గిటార్లకు సాధారణంగా వచ్చే సమస్యలు కొన్నే. అవన్నీ దాదాపు పైన చెప్పిన లాగుడు నుంచి, వాతావరణంలోని తేమ నుంచి వచ్చేవే.

మొదటిది, తీగలు ఫ్రెట్‌బోర్డ్ నుంచి బాగా పైకి లేవడం. ఏళ్ల లాగుడుకు గిటార్ పెట్టె కొద్దిగా వంగి, నెక్ కోణం మారుతుంది. వేలితో తీగ నొక్కడం కష్టమవుతుంది. తాత్కాలికంగా బ్రిడ్జ్ మీద తీగలు ఆనే శాడిల్‌ను అరగదీయవచ్చు. ఆ వీలు కూడా అయిపోయాక నెక్‌ను విడదీసి, కోణం సరిచేసి తిరిగి అతికించాలి. పాత స్టీలు తీగల గిటార్లలో నెక్ కీలులోకి ఆవిరి పంపి జిగురును మెత్తబరుస్తారు. ఇది ఖరీదైన పని. సరిగా చేస్తే మాత్రం గిటార్‌కు ఇంకొన్ని దశాబ్దాల ఆయుష్షు వస్తుంది.

రెండోది, బ్రిడ్జ్ వెనుక అంచు లేవడం. ఒక కాగితం ముక్క బ్రిడ్జ్ కిందకు దూరితే జిగురు వదులుతున్నట్టే. అప్పుడు తీగలు వదులు చేసి వెంటనే చూపించాలి. ఎండలో నిలిపిన కారులో గిటార్ వదిలేయడం దీనికి ఒక సాధారణ కారణం. వేడికి జిగురు మెత్తబడుతుంది.

మూడోది, పగుళ్లు. గిటార్లకు 45 నుంచి 55 శాతం గాలి తేమ అనుకూలమని తయారీదారులు చెబుతారు. విశాఖ వంటి తీర నగరాల్లో తేమ ఎక్కువై చెక్క ఉబ్బుతుంది. అదే గిటార్‌ను రోజంతా ఏసీ నడిచే గదిలో పెడితే చెక్క ఎండి కుంచించుకుపోతుంది. ఈ రెంటి మధ్య మారుతూ ఉండటం వల్ల పలక పగులుతుంది. పగులును జిగురుతో మూసి, లోపలి వైపు చిన్న చెక్క ముక్కలను అడ్డంగా అతికిస్తారు.

నాలుగోది, ఫ్రెట్లు అరగడం. వీణకు మెట్లు ఎలాగో గిటార్‌కు ఫ్రెట్లు అలాగ. అరిగిన ఫ్రెట్లను సమం చేయవచ్చు, మరీ అరిగితే మార్చవచ్చు. వాయించే గిటార్‌కు ఇది టైరు మార్చడం లాంటిదే.

వీటన్నిటిలో నిపుణులు పట్టించుకునే విషయం ఒకటుంది. అదే జిగురు. సంప్రదాయంగా వాడే జంతు చర్మపు జిగురును సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి పూస్తారు. మళ్లీ వేడి, తడి తగిలితే అది వదులుతుంది. అంటే రేపు ఇంకొకరు ఆ అతుకును విప్పి మళ్లీ బాగుచేయగలరు. ఎపాక్సీ వంటివి గట్టిగా పడతాయి కానీ విప్పాలంటే చెక్క చీలుతుంది. బీరువాలో ఉన్న గమ్‌తో ఇంట్లో చేసిన అతుకే తర్వాత నిపుణుడికి అసలు దెబ్బ కంటే పెద్ద తలనొప్పి అవుతుంది.

ఎవరి కోసం బాగుచేయాలి?

పాత గిటార్ల వ్యాపారంలో ‘అసలు స్థితి’కి ఎక్కువ ధర పలుకుతుంది. గీతలు పోవాలని పాత పూత గీకి కొత్తగా పాలిష్ చేయిస్తే, చూడటానికి మెరిసినా ధర బాగా పడిపోతుంది. కర్ట్ కొబైన్ 1993లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కార్యక్రమంలో వాయించిన 1959 నాటి మార్టిన్ డీ-18ఈ గిటార్ 2020 జూన్‌లో వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత ధర పెట్టినవారికి ఆ గిటార్ మీది ప్రతి గీతా విలువైనదే.

మ్యూజియంల దారి వేరు. స్పెయిన్ కళాకారుడు ఆండ్రెస్ సెగోవియా వాయించిన 1912 నాటి రామిరెజ్, 1937 నాటి హౌజర్ గిటార్లు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ లక్ష్యం వస్తువును ఉన్నదున్నట్టు నిలపడం. అలాంటి వస్తువు బయటకు వెళితే ఏమవుతుందో ‘ద హేట్‌ఫుల్ ఎయిట్’ సినిమా చిత్రీకరణలో తెలిసింది. మార్టిన్ మ్యూజియం ఎరువిచ్చిన 1870ల నాటి అసలు గిటార్‌ను, అది నకలనుకుని నటుడు కర్ట్ రసెల్ విరగ్గొట్టేశారు. దాన్ని బాగుచేసే వీలు లేకపోయింది. ఆ తర్వాత ఇక సినిమాలకు గిటార్లు ఇవ్వబోమని మ్యూజియం ప్రకటించింది.

ట్రిగర్ ఈ రెండు దారుల్లోనూ లేదు. అది రోజూ పనికి వెళ్లే గిటార్. మార్కెట్ లెక్కలో ల్యాకర్ పూతలు, బలపరిచిన బద్దలు అసలు స్థితికి తగిలిన దెబ్బలు. మ్యూజియం లెక్కలో వాయించడమే ముప్పు. వాయించేవారి లెక్కలో మాత్రం ఈ మరమ్మతులన్నీ రేపటి కచేరీ కోసం.

వాయించే కొద్దీ నాదం పెరుగుతుందా?

వాయించగా వాయించగా చెక్క ‘తెరుచుకుంటుందని’ సంగీతకారుల్లో బలమైన నమ్మకం. చెక్క వయసు పెరిగే కొద్దీ అందులోని హెమిసెల్యులోజ్ అనే పదార్థం క్రమంగా క్షీణిస్తుందన్నది నిజం. దానివల్ల చెక్క తేమకు స్పందించే తీరు, బరువు మారతాయి. కానీ వాయించడం వల్లే నాదం మెరుగవుతుందన్నది అంత తేలిగ్గా రుజువు కాలేదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే తయారీదారు ఒకే రకం చెక్కతో చేసిన రెండు వయొలిన్లను పరీక్షించారు. ఒకదాన్ని కళాకారుడు వాయిస్తూ వచ్చారు, రెండోదాన్ని మ్యూజియంలో ఉంచారు. మూడేళ్ల తర్వాత రెంటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2005లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మూడేళ్ల పరీక్ష యాభై ఏళ్ల వాడుకకు పూర్తి సమాధానం కాదు. అయితే ఇంకో కోణం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఒకే గిటార్ వాయించినవారు ఎక్కడ ఎలా మీటితే ఏ నాదం వస్తుందో తెలుసుకుంటారు. గిటార్ ఎంత మారిందో, వాయించే చేయి అంతకంటే ఎక్కువ మారి ఉండవచ్చు.

చెక్క కథలో భారత్

ట్రిగర్ వెనుక పలక, పక్క పలకలు బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసినవి. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతిని కట్టడి చేసింది. దాంతో 1969-70 ప్రాంతంలో మార్టిన్ కంపెనీ తన గిటార్లకు భారతీయ రోజ్‌వుడ్ వాడటం మొదలుపెట్టింది. తెలుగులో మనం జిట్రేగి అనే చెట్టు ఇదే. అంటే ట్రిగర్ బ్రెజిల్ చెక్కతో వచ్చిన చివరి గిటార్లలో ఒకటి. ఆ తర్వాతి యాభై ఏళ్లలో ప్రపంచంలో తయారైన మేలురకం గిటార్లు ఎన్నిటికో వెనుక పలక దక్షిణ భారత అడవుల నుంచి వెళ్లింది.

వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను అత్యంత కఠిన రక్షణ ఉండే మొదటి జాబితాలో చేర్చింది. 2017 జనవరి నుంచి జిట్రేగి సహా మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ రెండో జాబితాలోకి వచ్చాయి. దీంతో వాద్యాల అమ్మకాలు, మరమ్మతుల కోసం సరిహద్దు దాటించడం కష్టమైంది. తయారీదారులు, ఆర్కెస్ట్రాలు మొరపెట్టుకోవడంతో 2019 నవంబర్ నుంచి రెండో జాబితాలోని చెక్కతో పూర్తిగా తయారైన వాద్యాలకు, వాటి భాగాలకు మినహాయింపు లభించింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ మినహాయింపు లేదు. అలాంటి పాత గిటార్ పలక పగిలితే కొత్తగా నరికిన అదే చెక్క దొరకదు. 1992కు ముందు నిల్వ చేసిన ముక్క వెతకాలి, లేదా వేరే చెక్కతో సరిపెట్టాలి. అడవి తరిగిపోయాక పాత వాద్యాన్ని నిలబెట్టుకోవడమే చౌకైన, సరైన దారి అన్న వాదనకు ఇదే ఆధారం.

వీణ తయారీదారులకు తెలిసిన సంగతే

మరమ్మతును వాద్యం జీవితంలో భాగంగా చూడటం తెలుగువారికి కొత్త కాదు. సరస్వతీ వీణ 24 మెట్లను నల్లటి మైనంపై నిలబెడతారు. కాలం గడిచేకొద్దీ మైనం వదులై, మెట్లు స్థానం తప్పి స్వరం పలకదు. అప్పుడు నిపుణుడు ఆ మైనం తీసి, ఒక్కో స్వరం వింటూ మెట్లను మళ్లీ అమర్చుతారు. విజయనగరం జిల్లా బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణలకూ ఇది తప్పదు. అలా మెట్లు మళ్లీ కట్టినందుకు వీణ ‘అసలుది కాదు’ అని ఎవరూ అనరు.

గిటార్‌కూ అదే చూపు వర్తిస్తుంది. అటక మీద తాత, మేనమామల నాటి గిటార్ ఉంటే, బాగుచేయించే ముందు నిపుణుడిని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ దెబ్బ పెరుగుతుందా, ఆగిపోయిందా? దీన్ని వదిలేస్తే గిటార్ నిర్మాణం దెబ్బతింటుందా? చేసే పనిని తర్వాత విప్పి మార్చుకోవచ్చా? ఈ మార్పుతో నాదం, చేతికి తగిలే తీరు ఎంత మారతాయి? మొదటి రెంటికి జవాబు ‘అవును’ అయితే ఆలస్యం చేయకూడదు. కేవలం అందం కోసమైతే ఆగడమే మేలు.

ట్రిగర్ చిల్లుకు కూడా ఇదే పరీక్ష. దాని అంచుల్లో పగులు పాకుతోందా, కింది బద్దలు పట్టు నిలుపుకున్నాయా అన్నది ప్రతి తనిఖీలోనూ చూడాల్సిన విషయం. అవి గట్టిగా ఉన్నంతకాలం ఆ చిల్లును పూడ్చాల్సిన అవసరం లేదు.